చుట్టరికాల భాగం

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పిడుగురాళ్ల నుంచి వచ్చే బస్సు నరసరావుపేటలో మా బడి ముందు ఆగింది. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు పొయ్యి తగిలించి నడిపేవారు. దిగిన వాళ్ల మొహాలన్నీ మసి పట్టి ఉండేవి. ఆ రోజు దిగిన వాళ్లలో గురజాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పిల్ల, ఆమె మేనమామ ఉన్నారు.

"ఏమే, దిగవేంది? పల్లకీ తెప్పించాల్నా నీకు?" అన్నాడు ఆయన కింద నిలబడి, ట్రంకు పెట్టె నెత్తికెత్తుకుని.

"ముందు నీ మొహం తుడుచుకో మామా. పంతులమ్మలు చూసి దొంగోడనుకుంటారు," అంది ఆ పిల్ల.

నేను అప్పుడు ఆ ఆడపిల్లల బడిలో సహాయోపాధ్యాయినిని. చేరి ఎక్కువ కాలం కాలేదు. తరువాత చాలా ఏళ్లు ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. ఎందరో పిల్లలు నా చేతి మీదుగా పాసయ్యారు, ఎందరో తప్పారు. వాళ్లలో చాలామంది మొహాలు ఇప్పుడు గుర్తు లేవు. ఇప్పుడు ప్రవేశ పరీక్షలకూ ఉద్యోగాల పరీక్షలకూ తర్కం ప్రశ్నలతో కుస్తీ పడుతున్న పిల్లల కోసం ఈ ఒక్క సంగతి రాస్తున్నాను. ఇందులో నేర్చుకోవలసినది ఉందో లేదో నాకు తెలియదు. జరిగింది మాత్రం ఇది.

ఆడవాళ్లకు పంతులమ్మ చదువు చెప్పే ట్రైనింగు స్కూలు ఒకటి పట్నంలో ఉండేది. ఎనిమిదో తరగతి ప్యాసైన వాళ్లను తీసుకుని, రెండేళ్లు తిండీ బసా ఇచ్చి, తరువాత ఏదో ఒక ఊళ్లో ఉద్యోగం వేసేవారు. అంతకుముందు అందులో చేరాలంటే అభ్యర్థి నాలుగు వాక్యాలు చదవాలి, రెండు లెక్కలు చేయాలి. ఆ ఏడు మద్రాసు నుంచి కొత్త పద్ధతి వచ్చింది. దాని పేరు బుద్ధి పరీక్ష. ఇంగ్లండులో అక్కడి పిల్లల కోసం తయారైన ప్రశ్నలను తెలుగులోకి మార్చి అచ్చు వేశారు. అన్ని జిల్లాలకూ ఒకే కాగితం, ఒకే ప్యాసు మార్కు. దీనివల్ల సిఫారసులు పోతాయనీ, పల్లెటూరి పిల్లకూ పట్నం పిల్లకూ తేడా లేకుండా ఉంటుందనీ చెప్పారు. నాకు ఆ మాట నచ్చింది. ఇప్పటికీ ఆ మాటలో తప్పు లేదనే అనుకుంటాను.

పరీక్షకు కూర్చునే వాళ్లకు ముందుగా కొన్ని వారాలు మా బడిలో తర్ఫీదు ఇవ్వాలన్నారు. ఆ పని నాకు అప్పగించారు. అందుకే ఆ పిల్ల వచ్చింది.

ఆమె మేనమామ ట్రంకు పెట్టె వరండాలో దించి, మా పెద్ద పంతులమ్మగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లు దాటి ఉంటాయి. మెట్ట సేద్యం చేసే మనిషి. అరచేతులు కాయలు కాచి ఉన్నాయి.

"మా అక్క కూతురమ్మా ఇది. నా ఇంటిది పోయి ఏడాది దాటింది. ఇద్దరు పసోళ్లున్నారు. ఈ పిల్లని నాకిస్తానని మా అక్క మాటిచ్చింది. ఇదేమో పంతులమ్మనవుతానంటది. సరే, పరీక్ష రాయమన్నా. సీటొచ్చిందంటే నేను అడ్డం రాను, వేరే పిల్లని చూసుకుంటా. రాలేదంటే మాఘంలో ముహూర్తం. ఇదీ మా ఒప్పందం. మీ ముందర చెప్తే రేపు ఎవరూ మాట మార్చకుండా ఉంటారని చెప్తున్నా."

పెద్ద పంతులమ్మగారు పిల్ల వైపు తిరిగి, "ఏమ్మా, నీకు సమ్మతమేనా?" అన్నారు.

"సమ్మతమేనండి. మామ మాటంటే మాటే. అదే నా భయం," అంది.

ఆయన నవ్వాడు. మసి తుడుచుకోని మొహంలో పళ్లు తెల్లగా కనబడ్డాయి. ఈ కథ ఎవరికి చెప్పినా ఆయన దుర్మార్గుడై ఉంటాడని ముందే అనుకుంటారు. కాదు. ఆయన చెప్పిన మాట మీద నిలబడే మనిషి. ఆ ఇంట్లో తల్లీకూతుళ్లకు తిండి పెట్టింది ఆయనే. పిల్లను ఎనిమిదో తరగతి దాకా చదివించిందీ ఆయనే.

తర్ఫీదుకు వచ్చిన అమ్మాయిలు పది మంది లోపే. మద్రాసు వాళ్లు పంపిన నమూనా పుస్తకం ఒకటి మా దగ్గర ఉండేది. అంకెల వరసలో తరువాతి అంకె ఏది, నాలుగు వస్తువుల్లో కలవనిది ఏది, రెండు వాక్యాలిచ్చి వాటి నుంచి ఏం తేలుతుంది, చుట్టరికాలు — ఇలా భాగాలుగా ఉండేది. జవాబు రాయనక్కర లేదు. ప్రశ్న పక్కన జవాబుల గడులు ఉంటాయి; ఆఖరి రెండు భాగాల్లో అవి 'అవును', 'కాదు', 'చెప్పలేము' అని మూడు. ఒక గడిలో ఇంటూ గుర్తు పెట్టాలి.

అంకెలు త్వరగానే పట్టుబడ్డాయి. రెండు వాక్యాల ప్రశ్నల దగ్గర మా బండి కూరుకుపోయింది. మొదటి రోజు నేను నమూనా పుస్తకంలోది ఒకటి చదివాను. గోదాములో ఉన్న బస్తాలన్నీ తడిశాయి. ఈ బస్తా గోదాములోది. ఈ బస్తా తడిసిందా?

సత్తెనపల్లి నుంచి వచ్చిన ఒకామె, "గోదాము పైకప్పు రేకులదా, పెంకులదా పంతులమ్మగారూ?" అని అడిగింది.

"అది చెప్పలేదు."

"చెప్పకపోతే ఎట్టా?"

గురజాల పిల్ల వెనక నుంచి అంది. "అన్నీ తడిశాయని చెప్పిందెవరంట? గుమాస్తానా? ఆడు బస్తాలు రాత్రికి రాత్రి అమ్మేసుకుని, తడిసి కుళ్లిపోయినయ్యని రాసుంటాడు. మా ఊళ్లో జొన్నలకి అట్టానే చేశారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో బియ్యానికీ జొన్నలకీ కంట్రోలు, అంటే రేషను, ఉండేది. ఆమె చెప్పింది మా చుట్టుపక్కల నిజంగానే జరుగుతున్న సంగతి.

"చూడండి," అన్నాను. "ఈ పరీక్షలో ఒక్కటే సూత్రం. కాగితం మీద ఉన్నదే నిజమని అనుకోవాలి. మీకు తెలిసిన గుమాస్తాను, మీ ఊరి గోదామును ఇందులోకి తీసుకురాకూడదు."

"అబద్ధమని తెలిసినా?"

"తెలిసినా."

"గుమాస్తా దొంగని తెలిసినా?"

"కాగితంలో దొంగ అని లేదు కదా."

ఆమె చాలాసేపు ఆలోచించింది. "అంటే కాయితంలో లేంది మనం తేకూడదు, కాయితంలో ఉన్నది మనం కొట్టెయ్యకూడదు. అంతేనా?"

"అంతే."

"అయితే ఇదేం కష్టం! మన సంగతి మర్చిపోవటమేగా," అంది.

మరుసటి రోజు నుంచి ఆ భాగంలో ఆమె ఒక్కటీ తప్పలేదు. మిగిలిన వాళ్లు ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, "అట్టా ఎక్కడన్నా ఉంటదా?" అంటుంటే, "నీకెందుకే ఉంటే ఉంటది, లేకపోతే లేదు, కాయితం చూడు," అని కసిరేది. తర్ఫీదు ముగిసే నాటికి సగం పాఠం ఆమే చెబుతోంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, నల్లబల్ల మీద సుద్దముక్కతో తనే కొత్త ప్రశ్నలు కట్టి రాసేది. క కంటే చ పెద్ద, చ కంటే ట పెద్ద, అని మొదలుపెట్టి మనుషుల్ని వరసలో నిలబెట్టేది. నిజంగా పంతులమ్మ అయితే ఎలా ఉంటుందో అప్పుడే కనిపించింది. ఇది నాకు ఒక్కదానికే అనిపించిన మాట కాదు. పెద్ద పంతులమ్మగారు కిటికీలోంచి చూసి, "ఈ పిల్లని చదివించటానికి పరీక్ష ఎందుకు? చూస్తే తెలియటంలా?" అన్నారు.

ఆవిడకు ఈ పరీక్ష మొదటి నుంచీ గిట్టలేదు. ఆవిడ ముప్పై ఏళ్లుగా పిల్లలను మాట్లాడించి చూసి ఎంచుకున్నారు. "నేను ఎంచుకున్న వాళ్లలో ఎందుకూ కొరగాని వాళ్లు లేకపోలేదు. కానీ తప్పు నాదని నాకు తెలిసేది," అనేవారు.

చుట్టరికాల భాగం మీద మేము ఎక్కువ సమయం పెట్టలేదు. నమూనా పుస్తకంలో ఆ భాగంలో ఉన్నవి చాలా తేలిక ప్రశ్నలు. తండ్రికి తండ్రి తాత అవుతాడా, తల్లి చెల్లెలి కొడుకు బావ అవుతాడా. మా పల్నాటి ఆడపిల్లలకు చుట్టరికాలు ఎవరు నేర్పాలి? పెళ్లి పందిట్లో ఎవరికి ఎవరు ఏమవుతారో వేలు మడిచి చెప్పగల పిల్లలు వాళ్లు. నేను ఆ పేజీ తిప్పేశాను.

పరీక్ష రోజున మద్రాసు నుంచి ఒక అధికారి వచ్చారు. కోస్తా జిల్లాల తెలుగువారే. సన్నగా, తలపాగాతో, మర్యాదగా ఉన్నారు. సీలు వేసిన కవర్లు మా ఎదుటే విప్పి, గడియారం బల్ల మీద పెట్టి, ఒక్కో భాగానికి ఇంత సమయమని చెప్పి రాయించారు. గదిలో కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆఖరి భాగం చుట్టరికాలది. అది తెరవగానే గదిలో ఒక నవ్వు ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. ఆయన తల ఎత్తి చూశారు. పిల్లలు పైటకొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను నడుస్తూ ఒక కాగితం మీదికి తొంగి చూశాను. ఆ భాగం చివర మూడు ప్రశ్నలు ఇలా ఉన్నాయి.

క అనే స్త్రీ తల్లికి చ తమ్ముడు. చ ఆమెకు భర్త కావచ్చునా?

ఒక స్త్రీకి ఆమె అమ్మమ్మే అత్తగారు కావచ్చునా?

ఒక పురుషుడికి అతని సొంత అక్క అత్తగారు కావచ్చునా?

నాకూ నవ్వు వచ్చింది. మిగిలిన పరీక్ష అంతా తలలు బద్దలు కొట్టి, చివర ఇంత తేలిక ప్రశ్నలు ఇచ్చారని అనుకున్నాను. గురజాల పిల్ల మాత్రం నవ్వలేదు. మొదటి ప్రశ్న మీద పెన్సిలు పెట్టి ఆగిపోయింది. ఇంటి సంగతి గుర్తుకు వచ్చి బాధ పడుతోందేమో అనుకున్నాను. కాసేపటికి మూడింటికీ గుర్తులు పెట్టి, కాగితం బోర్లించి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

బయటికి రాగానే అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఆఖరివి మటుకు అన్నం తిన్నంత తేలిక!"

"మా అమ్మమ్మే మా అక్కకి అత్త. నన్ను పిలిచి అడిగినట్టుంది!"

"మద్రాసోళ్లకి ఇది కూడా తెలవదా ఏంది, మనల్ని అడుగుతున్నారు?"

మామ గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. "ఎట్టా రాశావే?" అన్నాడు.

"నీకు వేరే పిల్లని చూసుకో మామా," అంది ఆమె. అంత ధైర్యంగా ఆమె మాట్లాడటం నేను చూసింది అదే ఆఖరు. ఆయన కూడా నొచ్చుకోలేదు. "చూస్తాలే. నీకంటే నోరు తక్కువున్న దాన్ని," అన్నాడు.

మరుసటి రోజు దిద్దటం. పెద్ద పంతులమ్మగారూ నేనూ దిద్దాలి, అధికారి సరిచూడాలి. దిద్దటానికి మద్రాసు నుంచి భాగానికి ఒక అట్ట వచ్చింది. సరయిన జవాబు ఉన్న గడి దగ్గర అట్టకు చిల్లు ఉంటుంది. అట్టను కాగితం మీద సమంగా పెట్టి, చిల్లుల్లోంచి ఎన్ని ఇంటూ గుర్తులు కనబడితే అన్ని మార్కులు. ఆలోచించే పని అట్టది, లెక్కపెట్టే పని మాది.

మొదటి భాగాలు సాఫీగా సాగాయి. చుట్టరికాల భాగానికి వచ్చేసరికి, మొదటి కాగితంలో ఆఖరి మూడు చిల్లులూ ఖాళీగా కనబడ్డాయి. అట్ట జారిందేమోనని సర్ది పెట్టాను. అవే మూడు ఖాళీ. రెండో కాగితం తీశాను. అందులోనూ అంతే.

"అట్ట తిరగేసి పెట్టావేమో చూడమ్మాయ్," అన్నారు పెద్ద పంతులమ్మగారు.

తిరగేయలేదు. అట్ట తీసి చూశాను. పిల్లలు మూడింటికీ 'అవును' పెట్టారు. చిల్లులు 'కాదు' దగ్గర ఉన్నాయి.

అధికారిని పిలిచి చూపించాము. ఆయన అట్ట చేతిలోకి తీసుకుని ప్రశ్నలు మళ్లీ చదివారు. ఆయనకు అర్థమవటానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇంగ్లీషు వాళ్లలో ఇటువంటి పెళ్లి లేదండి. వాళ్ల చట్టం ఒప్పుకోదు. ప్రశ్న అక్కడిది. అట్ట కూడా అక్కడిదే," అన్నారు.

"తెలుగు చేసినాయనకు కనబడలేదా?" అని అడిగాను.

"ఆయనకు ప్రశ్నలే ఇస్తారు. అట్టలు సీలులో ఉంటాయి. ఆయన కూడా వీటికి జవాబు అవుననే అనుకుని ఉంటాడు."

పెద్ద పంతులమ్మగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బాబూ, అడిగానని ఏమీ అనుకోవద్దు. మీ ఇళ్లల్లో అక్క కూతుర్ని చేసుకోరా?"

ఆయన కలానికి మూత పెట్టారు. "మా ఆవిడ మా అక్క కూతురేనండి," అన్నారు.

"అయితే మీరు ఈ పరీక్ష రాసినా మూడు మార్కులు పోతాయి."

"పోతాయి."

"మరి?"

"ఒక్క కేంద్రంలో అట్ట మారిస్తే అన్ని చోట్లా మార్చాలి. ఆ అధికారం నాకు లేదు. అభ్యంతరం రాసివ్వండి. నేను కూడా నా అభిప్రాయం రాసి పైకి పంపుతాను. తప్పకుండా పంపుతాను." అట్ట నాకు తిరిగి ఇస్తూ, "ఇప్పటికి మాత్రం అట్ట ప్రకారమే కానివ్వండి," అన్నారు.

ఆయన అన్నమాట ప్రకారం రాశారు. ఆ సాయంత్రమే మా ఎదుట రాసి, మాకు చదివి వినిపించారు. అందులో తన ఇంటి సంగతి కూడా దాచకుండా పెట్టారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన కాగితాలు సరిచూస్తున్నప్పుడు ఆ మూడు చిల్లుల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగేది. ఆగి, ముందుకు వెళ్లేది.

గురజాల పిల్ల కాగితం చివర తీశాను. ప్యాసు మార్కుకు రెండు తక్కువ వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. పెద్ద పంతులమ్మగారు లెక్కపెట్టారు. రెండే తక్కువ.

మా కేంద్రంలో ఆ మూడు ప్రశ్నలకూ 'కాదు' పెట్టింది ఒకే ఒక అమ్మాయి. కోర్టు అమీనుగారి కూతురు. ఆమె ప్యాసయింది. ఎందుకలా పెట్టావని తరువాత అడిగితే, "మా ఇళ్లల్లో మేనమామని చేసుకోవటం హరాం గదా పంతులమ్మా. వీళ్లెందుకు నవ్వుతున్నారో నాకు తెలవలా," అంది. ఆమె మంచి పంతులమ్మ అయింది. ఆ సీటు ఆమెకు రావలసిందే. కానీ ఆమె కాగితం చూసి జవాబు పెట్టలేదు, ఇల్లు చూసి పెట్టింది. మిగిలిన వాళ్లూ ఇల్లు చూసే పెట్టారు. వాళ్లందరిలో కాగితం చూసి పెట్టింది ఎవరో నాకు తరువాత తెలిసింది.

ఫలితాలు గోడకు అంటించిన రోజున మామా మేనకోడలూ వచ్చారు. ఆమె తన పేరు కోసం పైనుంచి కిందికి చూసి, మళ్లీ కింది నుంచి పైకి చూసింది. ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, "ఎక్కడ తప్పాను పంతులమ్మా?" అంది.

అలా చెప్పటానికి నిబంధనలు ఒప్పుకోవు. చెప్పాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నేను అక్కడ ఆగాను పంతులమ్మా. మీరు చూశారు. నాకు తెలిసిన సంగతి గాబట్టి అవునని పెట్టబోతున్నానేమో, అట్టా పెట్టకూడదు గదా అనుకున్నా. మా ఇంటి సంగతి పక్కన పెట్టి మళ్లీ చదివా. చ ఆమె తల్లికి తమ్ముడు, అంతే ఉంది. చేసుకోగూడదని కాయితంలో ఎక్కడా లేదు. లేంది నేను తేకూడదు గదా. అందుకని అవునని పెట్టా."

నేను నేర్పిన సూత్రాన్ని ఆ గదిలో సరిగా పాటించింది ఆమె ఒక్కతే. కాగితంలో లేని నిషేధాన్ని ఎక్కడో తన ఊరి నుంచి మోసుకొచ్చి అట్టలో పెట్టింది ప్రశ్న కట్టినాయన. తర్కం తెలిసిన వాళ్లు ఎవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. ఒప్పుకున్నంత మాత్రాన ఏమీ జరగదు.

మామ వరండా మెట్టు మీద కూర్చుని అంతా విన్నాడు.

"నాకు తిన్నగా చెప్పమ్మా," అన్నాడు. "నేను నా అక్క కూతుర్ని చేసుకోవటం కుదరదని రాస్తే సీటిచ్చేవాళ్లు. కుదురుద్దని రాసింది గాబట్టి ఇవ్వలా. అంతేనా?"

"అంతేనయ్యా."

"ఎవరమ్మా ఆ మనిషి? ఆయనకి అక్కలు లేరా?" అని నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. మేనకోడలి వైపు చూశాడు. ఆమె గోడ వైపు చూస్తోంది.

"అభ్యంతరం రాసి పంపాం. జవాబు వచ్చేదాకా ఆగండి," అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"ఎన్నాళ్లల్లో వచ్చిద్ది?"

"తెలియదు."

ఆయన తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "మా అక్క మంచాన పడిందమ్మా. నా పిల్లలకి అన్నం పెట్టే దిక్కు లేదు. అయినా సరే, మాఘం దాకా ఆగుతా. ఒప్పందం అదేగా. ఈలోపల సీటని కబురొస్తే నేనే తీసుకొచ్చి దిగబెడతా."

కబురు రాలేదు. నేను మద్రాసుకు రెండోసారి రాశాను. పెద్ద పంతులమ్మగారు తనకు తెలిసిన వాళ్ల చేత చెప్పించారు. పుష్యం వెళ్లింది. మాఘంలో పెళ్లి అయింది. నన్ను పిలిచారు. నేను వెళ్లలేదు.

చైత్రంలో జవాబు వచ్చింది. చిన్న కాగితం. అభ్యంతరం పరిశీలించామనీ, సదరు మూడు ప్రశ్నలనూ వచ్చే ఏటి నుంచి తొలగిస్తామనీ, ప్రకటించిన ఫలితాలను మార్చడం కుదరదనీ ఉంది. తప్పు జరిగిందన్న మాట అందులో లేదు.

ఎండాకాలంలో గురజాలకు బడి పని మీద వెళ్లినప్పుడు, ఆ పల్లెకు వెళ్లాను. ఇంటి ముందు పందిరి కింద మిరపకాయల రాశి. ఆమె కూర్చుని తొడిమలు తీస్తోంది. మామ పిల్లలిద్దరూ ఆమె వీపు మీద ఎక్కి ఆడుతున్నారు. నన్ను చూసి లేవబోయింది.

"చేతులు మండుతున్నయి పంతులమ్మా, దణ్ణం కూడా పెట్టలేను," అంది.

పక్కన కూర్చున్నాను. వచ్చిన జవాబు సంగతి చెప్పాను. ఆమె తొడిమలు తీయటం ఆపలేదు.

"ఇకమీదట అడగరా?"

"అడగరు."

"అయితే ఒప్పు నాదేనన్నమాట."

"నీదే."

"చూడండి మరి. నేను జరగదని పెట్టుంటే నాకు జరిగేది కాదు. జరుగుద్దని పెట్టా. జరిగింది." ఇది ఏడుస్తూ అన్న మాట కాదు. లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు అంది.

మామ పొలం నుంచి వచ్చాడు. అప్పటికీ ఆమె ఆయన్ను మామా అనే పిలుస్తోంది. ఆయన నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "అమ్మా, ఈ ఏడు మళ్లీ పరీక్ష కట్టిస్తే తీసుకుంటారా? పిల్లల్ని నేను చూసుకుంటాలే. ఇంట్లో దీని మొహం చూడలేకపోతున్నా," అన్నాడు.

పెళ్లయి కాపురంలో ఉన్నవాళ్లను ఆ స్కూల్లో చేర్చుకునేవారు కాదు. ఆ మాట చెప్పాను. ఆయన "సరేలే," అని, నాకు మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు.

ఆ తరువాత ఏడాది వానాకాలంలో ఆమె తొలి కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. వాగు పొంగి ఉండటంతో బండి గురజాల దాకా చేరలేదు. ఈ కబురు చెప్పటానికి ఆయన పనిగట్టుకుని నరసరావుపేట వచ్చాడు. పిల్లలు బోర్డు మీద చూసి రాసుకుంటున్నారు. నేను వరండాలోకి వచ్చాను. ఆయన చెప్పవలసింది చెప్పేసి వెళ్లకుండా నిలబడ్డాడు.

"ఒక మాట అడుగుతానమ్మా," అన్నాడు. "ఆ పరీక్ష పెట్టినోళ్లు చానా చదువుకున్నోళ్లు. వాళ్లు కాదని పెట్టారు గదా. నిజంగానే కాకూడని పనేమోనమ్మా? మనకి తెలవక చేశామేమో?"

"కాదయ్యా," అన్నాను. "దానికీ దీనికీ సంబంధం లేదు. మీ తాతలు చేశారు, మీ నాయన చేశాడు."

"అదే నేనూ అనుకుంటున్నా," అన్నాడు. ఆయన నమ్మలేదు. నాకు తెలుస్తూనే ఉంది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదని చాలా ఏళ్ల తరువాత విన్నాను.

ఆ బుద్ధి పరీక్ష ఎక్కువ కాలం నిలవలేదు. యుద్ధం అయిపోయాక పాత పద్ధతే వచ్చింది, ఆ తరువాత ఇంకేవో పద్ధతులు వచ్చాయి. పెద్ద పంతులమ్మగారు రిటైరై కాలం చేశారు. మద్రాసు అధికారి ఏమయ్యారో తెలియదు. ఆ మూడు ప్రశ్నలూ తెలిసిన వాళ్లలో నేను మిగిలాను.

ఈ మధ్య మా పక్కింటి అమ్మాయి బ్యాంకు పరీక్షకు చదువుతూ, రక్త సంబంధాల ప్రశ్నలు రావటం లేదని పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వాళ్లదీ మా పల్నాడే, మాచర్ల. పుస్తకంలోవి అయిపోయాక, ఊరికే ఆ మూడు ప్రశ్నలూ అడిగాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు. ఆమె ఒక్క క్షణం కూడా ఆగకుండా మూడింటికీ 'కాదు' అంది. "మేనమామ మొగుడేంటి మామ్మగారూ, తండ్రి లాంటివాడు గదా!" అని నవ్వింది.

నేను ఆమెను సరిదిద్దలేదు. అక్క కూతురిని చేసుకోవటం మా వైపు ఇప్పుడు మానేశారు.